పద్నాలుగో నంబరు ఇంట్లో సెట్ లేదు

జూన్ 3, సోమవారం

ఈ డైరీ రెండేళ్ళ కిందటిది. ఆఫీసు బీరువాలో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. తారీఖులు కొట్టేసి రాసుకోవాలి. "ఏం రాస్తారండీ ఇందులో?" అని పోస్టుమాస్టరు అడిగితే నీళ్ళు నమిలాను. ఏం రాస్తానో నాకు మాత్రం ఏం తెలుసు?

ఇవాళ మా వీధిలో రేడియో లైసెన్సుల సర్వే మొదలుపెట్టాను. వీధిలో అడుగు పెట్టేసరికి ఎవరింట్లోనో పాట వస్తోంది. నాలుగడుగులు వేశానో లేదో ఆగిపోయింది. ఆ పక్కింట్లో ఎవరో వార్తలు చదువుతున్నాడు. అతనూ మాట మధ్యలోనే ఆగిపోయాడు. నేను చివరిదాకా నడిచి వెళ్ళేవరకు వీధంతా గప్‌చుప్. దాటిపోయాక వెనకాల ఒక్కొక్కటే మళ్ళీ మొదలయ్యాయి.

రేడియో సెట్ ఉన్న ప్రతివాడూ బుద్ధిగా పోస్టాఫీసుకి వచ్చి, లైసెన్సు పుస్తకం తీసుకుని, ఏటేటా స్టాంపు అంటించుకుంటే నా ఉద్యోగమే ఉండేది కాదు. వాళ్ళు రారు కాబట్టి ఇరవై రెండేళ్ళుగా నాకింత భోజనం దొరుకుతోంది. వాళ్ళని తిట్టుకోవడం కూడా న్యాయం కాదు.

ఈ ఊరికి బదిలీ అయి మూడు నెలలు. వీధి మూల మీద టైలరు కొట్టు ఉంది. నన్ను చూడగానే మిషను ఆపి, ఆకాశం కేసి చూసి, "మబ్బు పట్టిందే" అంటాడు, కాస్త గట్టిగా. వచ్చిన కొత్తలో నమ్మి నెల రోజులు గొడుగు మోశాను. మండుటెండలో గొడుగు చంకన పెట్టుకుని తిరిగేవాణ్ణి చూసి ఎంత నవ్వుకున్నారో. ఆ మాట నాతో కాదని, ఎదురింటివాళ్ళకని, అక్కణ్ణించి వీధంతా పాకుతుందని తెలిసేసరికి నెల గడిచింది. ఇప్పుడు నా పేరే మబ్బు అట. పోస్టుమాస్టరు చెప్పారు, నవ్వు ఆపుకోలేక.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

జూన్ 5, బుధవారం

పదో నంబరు ఇల్లు: సెట్ ఉంది, లైసెన్సు ఉంది, స్టాంపు లేదు. పదకొండు: సెట్ మేడ మీద ఉందట, మేడ తాళం పోయిందట. పన్నెండు: తలుపు తియ్యలేదు, లోపల దగ్గు వినపడింది. పదమూడు: నాది. పద్నాలుగు: సెట్ లేదు.

జూన్ 6, గురువారం

పద్నాలుగో నంబరు సంగతి రాయాలి. రిజిస్టరులో రాయలేను, అందుకని ఇక్కడ.

ఆ ఇంట్లో ఉండేది కాజాలు కుట్టే ఆవిడ. టైలరు దగ్గర్నుంచి చొక్కాలు మూట కట్టి తెచ్చుకుని, కాజాలు కుట్టి బొత్తాలు వేసి ఇస్తుంది. అరవై దగ్గర పడి ఉంటుంది. ఒక్కతే. అన్నగారొకాయన ఉండేవాడట, నాలుగేళ్ళ కిందట పోయాడట. నా గదికీ ఆవిడ గదికీ మధ్య ఒకే గోడ.

"రేడియో ఉందామ్మా?" అని అడిగాను నిన్న.

"నాకెందుకండీ రేడియోలు? సూదీ దారం ఉంటే చాలు" అంది, చేతిలో బొత్తాన్ని తిప్పుతూ.

పెరట్లో బట్టలారేసే తీగ కనిపిస్తోంది. రాగితీగ. దాని కొస కిటికీ చువ్వల్లోంచి లోపలికి పోయింది. బట్టలారేసుకునే తీగకి ఇంట్లో ఏం పని? ఇరవై రెండేళ్ళలో నేను పట్టుకున్న ఏరియళ్ళు వందలుంటాయి. ఇంత అమాయకంగా దాచింది ఒక్కటీ చూడలేదు. ఆవిడ బొత్తాన్ని చూసింది, నేను రిజిస్టరుని చూసుకున్నాను. సెట్ లేదు అని రాసి వచ్చేశాను.

అబద్ధం రాయడం ఇదే మొదటిసారి. ముసలావిడ అని జాలిపడ్డాను, అంతే.

జూన్ 7, శుక్రవారం

జాలి ఒక్కటే కాదు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా దాచుకోవడం ఏమిటి నేను?

సాయంత్రం ఆరింటికి ఆవిడ రేడియో పెడుతుంది. ముందు బజారు ధరలు, తర్వాత పాటలు, తర్వాత ఏదో ఒక ప్రసంగం, ఏడింటికి వార్తలు. వార్తలవగానే కట్టేస్తుంది. నా కుర్చీ గోడ పక్కనే ఉంది. నేను పెట్టింది కాదు, వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది. అందులో కూర్చుంటే చెవిన పడుతుంది. నేను పనిగట్టుకుని వినడం లేదు.

నాకు సెట్ లేదు. ఉండేది. మా ఆవిడ పోయాక బావమరిదికి ఇచ్చేశాను. వాళ్ళింట్లో పిల్లలున్నారు, వింటారు. మాకు పిల్లల్లేరు. నాకు మొదటి నుంచీ రేడియో మీద అంత సరదా లేదు.

జూన్ 9, ఆదివారం

ఇవాళ నాటకం. మొగుడూ పెళ్ళాల పోట్లాట. మొగుడి గొంతు బాగానే వినపడుతోంది, ఆవిడది మాత్రం గోడ దాటి రావడం లేదు. ఆవిడ ఏదో అంటుంది, వీడు అరుస్తాడు. ఏమందని అరుస్తున్నాడో తెలియదు. ఆఖరికి ఆవిడ ఏదో చెప్పింది, వీడు ఏడ్చాడు. కుర్చీలోంచి లేచి చెవి గోడకి ఆనించాను. సున్నం అంటుకుంది గానీ మాట అందలేదు.

కాస్త సౌండు పెంచితే పక్కింటావిడ సొమ్మేం పోతుంది? ఇంత చిన్నగా పెట్టుకునే దానికి రేడియో ఎందుకు?

జూన్ 10, సోమవారం

పాటలు. బజారు ధరలు కూడా విన్నాను. నేను వండుకోని కూరగాయల ధరలు నాకెందుకో.

జూన్ 12, బుధవారం

డివిజన్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇరవై ఒకటిన అక్కడి పెద్దాయన స్వయంగా వస్తున్నారు. కట్టడం మానేసిన పాత లైసెన్సుల జాబితా ఒకటి జత చేశారు. జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఆయనే వెళ్ళి చూస్తారట. పుస్తకం లేకుండా సెట్ దొరికితే అక్కడికక్కడే పట్టుకుపోతారు.

ఏడో పేరు ఆవిడ అన్నగారిది. ఇంటి నంబరు పద్నాలుగు. ఆయన పోయినప్పటి నుంచీ స్టాంపు లేదు.

రిజిస్టరులో నేను రాసింది బయటపడుతుందని భయపడ్డాను ముందు. ఇంటికి నడిచి వస్తుంటే తెలిసింది, భయం దాని గురించి కాదు. సెట్ తీసుకుపోతే ఆరింటికి ఆ కుర్చీలో కూర్చుని నేనేం చెయ్యాలి?

జూన్ 13, గురువారం

చాలా తేలికైన పని. వెళ్ళి తలుపు కొట్టడం. "అమ్మా, మీ దగ్గర సెట్ ఉందని నాకు తెలుసు. వారంలోపల మీ పేరున పుస్తకం తీసుకోండి, ఏ గొడవా ఉండదు" అనడం. రెండు వాక్యాలు. అద్దం ముందు నిలబడి రెండుసార్లు చెప్పి చూసుకున్నాను. రెండుసార్లూ ఉద్యోగం చేస్తున్నట్టే వినపడింది.

పైగా, ఎలా తెలుసని అడిగితే? తీగ చూశానని చెప్పాలి. మరి ఆ రోజే ఎందుకు రాయలేదని అడిగితే? రోజూ వింటున్నానని చెప్పాలి. అది చెప్పలేను.

రేపు చెబుతాను.

జూన్ 14, శుక్రవారం

రేపు.

జూన్ 15, శనివారం

పని అయిపోయింది. మనసు తేలికగా ఉంది. ఇంత సులువైన దారి ఉండగా మూడు రోజులు ఎందుకు తల బద్దలు కొట్టుకున్నానో.

ఆవిడ పేరున దరఖాస్తు నేనే నింపాను. రుసుము నేనే కట్టాను. సంతకం దగ్గర ఎడంచేత్తో ఆవిడ పేరు రాశాను. కాజాలు కుట్టుకునే ఆవిడ రాత ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను. పుస్తకం తయారుచేసి, స్టాంపు అంటించి, ముద్ర కొట్టి, ఆఫీసు కవరులో పెట్టి టపాలో వేశాను. సోమవారం పోస్టుమాను తీసుకెళ్ళి ఇస్తాడు. ఆవిడ పుస్తకం చూసుకుంటుంది. ఎవరో పుణ్యాత్ముడు అనుకుంటుంది. ఇక భయపడకుండా కాస్త గట్టిగా పెట్టుకుంటుంది. ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

ఇవాళ పాటలు మంచివి వేశారు.

జూన్ 17, సోమవారం

కవరు అందిందట. పోస్టుమానుని మాటల మధ్యలో అడిగాను. "ఆవిడ చేతికే ఇచ్చానండి. సర్కారు ముద్ర చూసి బిక్కచచ్చిపోయింది పాపం" అన్నాడు. సంతోషంతో అయి ఉంటుంది.

ఇవాళ రేడియో పెట్టలేదు. ఊళ్ళోకి వెళ్ళిందేమో.

జూన్ 18, మంగళవారం

పెట్టలేదు. ఇంట్లోనే ఉంది. కత్తెర కింద పెట్టిన చప్పుడు విన్నాను.

జూన్ 19, బుధవారం

వాల్వు పోయి ఉంటుంది. ఈ పాత సెట్లకి వాల్వులు ఊరికే పోతాయి. బాగుచెయ్యడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

జూన్ 20, గురువారం

ఏడింటిదాకా కూర్చున్నాను. మధ్యలో ఆవిడ ఒకసారి దగ్గింది. అంతే.

జూన్ 21, శుక్రవారం

పెద్దాయన వచ్చారు. మంచివాడే, నవ్వుతూ మాట్లాడతాడు. నవ్వుతూనే నాలుగు సెట్లు బండి ఎక్కించాడు. మేం వీధిలోకి వస్తుంటే టైలరు ఆకాశం కేసి చూశాడు గానీ నోరు పెగల్లేదు. ఇద్దరిని కలిపి ఏమనాలో తోచలేదేమో.

పద్నాలుగో నంబరు తలుపు కొట్టింది నేనే. మూడు నెలల్లో రెండోసారి, రెండుసార్లూ రిజిస్టరుతోనే. ఆవిడ తీసింది. మమ్మల్ని చూడగానే లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి, రెండు చేతులతో పెద్దాయనకి అందించింది.

ఆయన తిరగేసి, "అంతా సవ్యంగా ఉందమ్మా. ఏదీ, సెట్ ఓసారి చూపించండి" అన్నాడు.

"సెట్ లేదండి" అంది.

"లేకపోవడమేమిటి?"

"లేదండి. చూసుకోండి బాబూ, ఇల్లంతా చూసుకోండి."

ఆయన చూశాడు. వెనకాలే నేనూ చూశాను. ఒక మంచం, చొక్కాల మూట, దారపు ఉండలున్న రేకు డబ్బా. నా గోడకి ఆనుకుని ఒక బల్ల. బల్ల మీద నలుచదరంగా ఒక జాగా తప్ప మిగతాదంతా వెలిసిపోయి ఉంది. కిటికీలోంచి వచ్చే రాగితీగ కొస నేల మీద చుట్టచుట్టి పడి ఉంది. నేను దాని ముందుకి జరిగి నిలబడ్డాను.

బయటికొచ్చాక పెద్దాయన పడీపడీ నవ్వాడు. "రేడియో లేకుండా లైసెన్సు కట్టిన మహాతల్లిని సర్వీసులో మొదటిసారి చూశానయ్యా. నీ సర్కిల్లో జనానికి ఎంత భయభక్తులున్నాయి" అని నా భుజం తట్టాడు. నా గురించి మంచి రిపోర్టు రాస్తాడట.

సెట్ ఏమైంది?

జూన్ 23, ఆదివారం

నాటకం వేసే ఉంటారు. ఎక్కడో వేసే ఉంటారు.

జూన్ 24, సోమవారం

ఆవిడ పోస్టాఫీసుకి వచ్చింది. నా కౌంటరు దగ్గరికే. పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇది పొరపాటున నా పేర వచ్చిందండి. నా దగ్గర రేడియో లేదు. పెద్దాయన కూడా చూశారు. నా పేరు కొట్టెయ్యండి."

"ఉంచుకోండమ్మా, దానివల్ల ఇబ్బందేమీ లేదు" అన్నాను.

"వద్దండి. టైలరు చదివి చెప్పాడు. ముందు పుస్తకం పంపుతారట, తీసుకున్నామంటే ఒప్పుకున్నట్టట. తర్వాత మా అన్నయ్య పోయినప్పటి నుంచీ అన్ని ఏళ్ళకీ జుర్మానా వేస్తారట. కాజాలు కుట్టుకుని బతికేదాన్ని, నేనెక్కణ్ణించి తెస్తానండీ?" గొంతు తగ్గించి, "ఉన్నదేదో పుస్తకం వచ్చిన సాయంత్రమే బస్సులో మా మేనకోడలికి పంపించేశాను. ఇప్పుడు నిజంగానే లేదండి. మీకెందుకు అబద్ధం చెప్తాను" అంది.

అప్పుడు చెప్పాల్సింది. అమ్మా, జుర్మానా లేదూ ఏమీ లేదూ, అది నేను పంపింది, అని. పక్క బల్ల దగ్గర పోస్టుమాస్టరు ఉన్నారు. ఎడంచేతి సంతకం ఉన్న దరఖాస్తు ఆయన వెనక బీరువాలోనే ఉంది.

"రద్దు చెయ్యాలంటే ఫారం నింపాలి" అన్నాను. నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

ఫారం నేనే నింపి ఇచ్చాను. ఆవిడ సంతకం పెట్టింది. గుండ్రంగా, వరసగా, ఒక్కో అక్షరం కుట్టినట్టుంది. నేను గీసిన వంకర గీతలు గుర్తొచ్చాయి. ముద్ర కొట్టాను. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నాకు దణ్ణం పెట్టింది.

జూన్ 25, మంగళవారం

రాయడానికేమీ లేదు.

జూన్ 27, గురువారం

చొక్కా కుట్టించుకునే నెపంతో టైలరు దగ్గరికి వెళ్ళాను. కొలతలు తీసుకుంటున్నంతసేపూ అతను నా ముఖం చూడలేదు. కాజాలు ఎవరు కుడతారని అడిగాను, ఏమీ తెలియనట్టు.

"మీ పక్కింటావిడేనండి. చెయ్యి మంచిది. ఈ మధ్యే తప్పుతోంది. మొన్న ఒక చొక్కాకి ఆరు కాజాలు కుట్టాల్సింది ఏడు కుట్టింది. ఇంకోదానికి కుడివైపు కుట్టాల్సినవి ఎడమవైపు కుట్టింది. గుడ్డ పాడైపోయింది. అడిగితే, లెక్క అందడం లేదంటుంది. పాటకి రెండు, వార్తలకి మూడు అని కుట్టుకునేదట, రేడియో ఉన్నప్పుడు." అని నాలిక్కరుచుకుని, "అంటే, ఉండేది కాదనుకోండి. ఎదురింట్లోది వినేదనుకోండి" అన్నాడు.

"అనుకున్నాను" అన్నాను.

అతను మొదటిసారి నా ముఖం చూశాడు. ఇలాగే తప్పుతుంటే పని ఇంకొకళ్ళకి ఇవ్వక తప్పదని, తనకీ గిరాకీలు ఉన్నారని, మొహమాటంగా చెప్పాడు.

నేను దయ తలిచాననుకున్నాను. ఆవిడ రేడియో పోయింది, ఇప్పుడు ఆవిడ పని కూడా పోయేలా ఉంది. సెట్ పట్టుకుపోయిన ఆ నవ్వుల పెద్దాయన ఇంతకన్నా ఏం చెయ్యగలిగేవాడు?

జూన్ 29, శనివారం

బావమరిదికి సెట్ ఎందుకిచ్చానో రాస్తాను. వాళ్ళకి పిల్లలున్నారని కాదు.

మా ఆవిడ మంచాన పడ్డాక తల దగ్గర రేడియో పెట్టుకునేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే మోగుతూ ఉండేది. నేను ఆఫీసు నుంచి రిజిస్టర్లు ఇంటికి తెచ్చుకుని అదే గదిలో రాసుకునేవాణ్ణి. ఒకరోజు, "కాస్త ఆపవే దాన్ని, లెక్క తప్పుతోంది" అన్నాను. కోపంగా కూడా అనలేదు. చెయ్యి చాచి ఆపేసింది. నా లెక్క కుదిరింది.

మళ్ళీ పెట్టలేదు. మర్నాడు పెట్టలేదు, ఆ మర్నాడూ పెట్టలేదు. నేను గమనించింది నాలుగో రోజున. గమనించి కూడా, ఓపిక లేక పెట్టుకోలేదనుకున్నాను. అడిగి ఉండొచ్చు. లేచి మీట తిప్పి ఉండొచ్చు. మంచానికీ నా బల్లకీ మధ్య నాలుగడుగులు. ఇల్లు ప్రశాంతంగా ఉందిలే అని రాసుకుంటూ కూర్చున్నాను. రెండు వారాలకి పోయింది.

ఆ రెండు వారాలూ ఆ గదిలో నా కలం చప్పుడు తప్ప ఆవిడ ఏం విన్నట్టు?

నాకు రేడియో మీద సరదా లేదని రాశాను ముందు పేజీల్లో. కొట్టెయ్యను. అలాగే ఉండనీ. నాకు ఎవరూ లేరు. ఆరింటి నుంచి ఏడింటి దాకా గోడకి అవతల ఒక మనిషి ఉన్నట్టు ఉండేది. ఇప్పుడు అదీ లేదు, నా చేతులారా చేసుకున్నాను.

జూలై 1, సోమవారం

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళాను. తిరిగి వచ్చేశాను. దారిలో ఎవరో చూసి రేడియో కట్టేశారు.

జూలై 2, మంగళవారం

పొద్దున పోస్టుమాస్టరుకి చెప్పేశాను, దరఖాస్తు సంగతి, సంతకం సంగతి. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "రద్దయిన కాగితానికి ఇప్పుడు సంతకం ఎవరిదైతే ఏంటండీ" అన్నారు. తర్వాత, "నాకు చెబితే ఏం లాభం? చెప్పాల్సింది నాకా?" అన్నారు.

సాయంత్రం ఆరు కొట్టాక వెళ్ళాను. రిజిస్టరు తీసుకెళ్ళలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తలుపు తీసే ఉంది. గుమ్మానికి లోపలగా పీట వేసుకుని చొక్కాకి కాజా కుడుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చోండి అక్కయ్యగారూ. ఆఫీసు పని మీద రాలేదు."

అక్కయ్యగారూ అన్న మాట ఎలా వచ్చిందో తెలియదు. అద్దం ముందు అనుకున్నది అది కాదు.

"మరి?" అంది.

"ఆ పుస్తకం పంపింది నేనే. ఫారం నింపిందీ నేనే, మీ సంతకం పెట్టిందీ నేనే. జుర్మానా లాంటిదేమీ లేదు. ఆ రోజు పెద్దాయన వస్తే సెట్ పట్టుకుపోతారని అలా చేశాను."

ఆవిడ సూది గుడ్డలో గుచ్చి ఆపింది. "సెట్ ఉందని మీకు ముందే తెలుసా?"

"వచ్చిన మొదటి వారం నుంచీ తెలుసు. రోజూ వినేవాణ్ణి. గోడ పక్కన కూర్చుని."

"రోజూనా?"

"రోజూ."

ఆవిడ గోడ కేసి చూసింది. కోప్పడితే బాగుండుననిపించింది.

"మీరు పక్కింట్లో దిగారని తెలిసినప్పటి నుంచీ దాని మీద రెండు దుప్పట్లు కప్పి పెట్టుకునేదాన్ని" అంది. "చెవి దానికి ఆనించి, ఊపిరి బిగబట్టుకుని వినేదాన్ని. మీకు వినపడుతుందేమోనని. సగం మాటలు నాకే అందేవి కావు."

"నాకూ సగమే అందేది. ఇంకాస్త పెంచకూడదా అని విసుక్కునేవాణ్ణి."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఒక్కసారి ఇలా వచ్చి తలుపు కొట్టి అడిగి ఉంటే, ఇద్దరం పూర్తిగా వినేవాళ్ళం కదండీ" అంది.

సెట్ తెప్పించుకుందాం, పుస్తకం మళ్ళీ ఇప్పిస్తాను, నేనే వెళ్ళి తెస్తాను అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మేనకోడలి అత్తగారు మంచం మీదుంది. పొద్దస్తమానం అదే వింటూ పడుకుంటోందట, మేనకోడలు ఉత్తరం రాసింది. ఆవిడ తల దగ్గర్నుంచి తీసుకురమ్మని ఎలా అడుగుతానండీ?"

"వద్దు" అన్నాను. "ఆవిడ దగ్గరే ఉండనివ్వండి." ఆవిడ ఒకసారి నా ముఖం కేసి చూసింది. చొక్కా ఎత్తి కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. సూది పెట్టాల్సిన చోట పెట్టలేకపోతోంది. రెండుసార్లు తప్పింది.

చెప్పాల్సింది చెప్పడం అయిపోయింది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడ్డాను, ఎంతసేపో.

"అలా నిలబడితే వెలుతురు ఆగిపోతోందండీ" అంది, తల ఎత్తకుండానే. "లోపలికైనా రండి, పక్కకైనా జరగండి."

లోపలికి వెళ్ళాను.